యోగసాధనకు ఊపిరే కొలబద్ద

యోగం అనగానే మన కళ్ల ముందు నిలిచేది వంగిన దేహం. పాదాలను అందుకొన్న చేతివేళ్లు, తలక్రిందులుగా నిలిచిన శరీరం, పత్రికలలో అచ్చయ్యే ఛాయాచిత్రాలు మనకు తెలిసిన యోగం. ఆ ఛాయాచిత్రాలకు అందనిది ఒకటి ఉంది. అది ఊపిరి. ఆసనంలో ఎంతవరకు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనుకకు రావాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినది సాధకుని ఊపిరే గాని, వేదికపై మైకు పట్టుకొన్నవారు కారని మా నిశ్చితాభిప్రాయం.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినోత్సవంగా ప్రకటించింది. 2015 నుండి ఏటా ఆ ఉత్సవం జరుగుతున్నది. 2025లో మన రాష్ట్రంలో ఒక నెలపాటు యోగ కార్యక్రమాలు సాగాయి. చివరి రోజున విశాఖ సముద్రతీరాన మూడు లక్షలకు పైగా జనం ఒకేసారి ఆసనాలు వేశారు. ఈ ఉత్సాహాన్ని మేము చిన్నచూపు చూడము. అంతమంది ఒక ఉదయాన ఆరోగ్యం గురించి ఆలోచించడం మంచిదే. అయితే జనసంఖ్యను లెక్కించే ఉత్సాహం ఊపిరిని గమనించే ఓర్పును మింగివేయరాదు.

మైకులో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వినిపిస్తాయి. వరుసలలో నిలిచినవారిలో ఆటలలో ఆరితేరిన యువకుడు ఉంటాడు. ఉబ్బసంతో బాధపడే బాలిక ఉంటుంది. పరీక్షకోసం రాత్రంతా మేలుకొన్నవారుంటారు, ఉపవాసదీక్షలో ఉన్నవారూ ఉంటారు. విశ్రాంతిగా ఉన్న వయోజనుడు సాధారణంగా నిమిషానికి 12 నుండి 20 సార్లు ఊపిరి తీస్తాడు. పన్నెండుసార్లు తీసేవానికి సరిపడే లెక్క ఇరవైసార్లు తీసేవానికి ఎట్లా సరిపడుతుంది? రెండవవాడు లెక్కకోసం ఊపిరి బిగబడతాడు. ముఖం ఎర్రబడుతుంది, మెడనరాలు ఉబ్బుతాయి. పక్కవాడు చూస్తాడేమోనన్న సిగ్గుతో ఆగడు. మరుసటి వారం నుండి యోగం తనకు పనికిరాదని మానివేస్తాడు. ఆ విద్యార్థిని పోగొట్టుకొనడమే మా బాధ.

ప్రాచీనులు ఈ సంగతి ఎరుగనివారు కారు. ఆసనం స్థిరంగాను సుఖంగాను ఉండవలెనని, ప్రయత్నాన్ని సడలించడంవల్ల అది సిద్ధిస్తుందని పతంజలి యోగసూత్రాల సారాంశం. సుమారు పదిహేనవ శతాబ్దిలో స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపిక మరొక హెచ్చరిక చేసింది. అడవిమృగాన్ని మచ్చిక చేసినట్లు ప్రాణవాయువును మెల్లమెల్లగా వశపరచుకోవాలని, తొందరపడితే సాధకునికే హాని అని ఆ గ్రంథం చెబుతుంది.

ఈ విధానాన్ని ఆధునిక కాలంలో బోధించిన గురువులలో తిరుమలై కృష్ణమాచార్యులు ముఖ్యులు. 1888లో కన్నడదేశంలో జన్మించిన ఆయన 1930 దశకంలో మైసూరు రాజాశ్రయంలో యోగశాల నడిపారు. అనంతరం మన నెల్లూరుకు పొరుగుననే ఉన్న మద్రాసులో స్థిరపడి 1989లో కన్నుమూశారు. ప్రతి కదలికను ఒక ఉచ్ఛ్వాసంతోనో నిశ్వాసంతోనో ముడివేయడం ఆయన బోధనలోని విశేషం. సాధకుని వయస్సు, ఆరోగ్యం, శక్తి చూసి పాఠం నిర్ణయించాలన్నది ఆయన పద్ధతి. ఆయన కుమారులు దేశికాచార్ 1976లో మద్రాసులో నెలకొల్పిన కృష్ణమాచార్య యోగమందిరం ఆ పద్ధతిని కొనసాగించింది.

ఇది మన తీరప్రాంతపు శ్రమజీవులకు కొత్త సంగతి కాదు. వల లాగే మత్స్యకారులు హైలెస్సా అని ఒక్క గొంతుతో అన్నప్పుడు ఊపిరి వెలుపలికి వస్తుంది, అదే క్షణాన బలమూ తాటిపై పడుతుంది. వారు అలసితే ఆ కేకా నెమ్మదిస్తుంది. వారి లెక్క వారి ఊపిరినుండే పుట్టింది. మైకులోని లెక్కకు ఎదుటివారి అలసట వినబడదు. ఇక రొయ్యల చెరువుల రైతును చూడండి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గుతుందని అతనికి తెలుసు. రొయ్య పైకి తేలిందంటే ఉలిక్కిపడి ఏరియేటర్లు తిప్పుతాడు. రొయ్య ఊపిరికోసం నిద్ర మానుకొనే ఈ సీమలో, మన ఊపిరి ఎట్లా ఉన్నదో ఒక్క నిమిషం చూసుకొనే తీరిక మనకు లేకపోవడం విచారకరం.

యోగం ఒక మతానికి చెందిన ఆచారమేమోనన్న సంకోచం కొందరిలో ఉంది. దానిని మేము గౌరవిస్తాము. ఎవరి విశ్వాసానికి సరిపడని పదాలను వారిచేత పలికించరాదు. కాని ఊపిరిని గమనించడానికి ఏ మంత్రమూ అక్కరలేదు. పైగా ఈ గమనింపు ఏ ఒక్కరి సొత్తూ కాదు. నక్ష్‌బందీ సూఫీల సూత్రాలలో హోష్ దర్ దమ్ ఒకటి. ప్రతి ఊపిరిలోను ఎరుక కలిగి ఉండడమని దాని అర్థం. ఆ దమ్ అనే పారసీక పదమే ఉర్దూలో నిలిచి, తెలుగులో దమ్ముగా స్థిరపడింది. పదహారవ శతాబ్దిలో గ్వాలియరుకు చెందిన షత్తారీ సూఫీ ముహమ్మద్ గౌస్, అమృతకుండమనే యోగగ్రంథం అరబ్బీలోకి వెళ్లగా, దానిని బహ్ర్ అల్-హయాత్ అన్న పేరుతో పారసీకంలో విస్తరించి రచించాడు. తరువాత జహంగీరుగా పేరొందిన సలీం యువరాజు కోసం అలహాబాదులో, సుమారు 1600 నుండి 1604 మధ్య, దానికి ఆసనచిత్రాలతో ఒక ప్రతి సిద్ధమైంది. అది డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది.

విజ్ఞానశాస్త్రం కూడా ఇదే దారిలో సాక్ష్యమిస్తున్నది. ఇటలీకి చెందిన బెర్నార్డీ, ఆయన సహచరులు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన ప్రకటించారు. 23 మంది ఆరోగ్యవంతులచేత క్రైస్తవుల జపమాల ప్రార్థనను, యోగమంత్రాన్ని వేరువేరుగా పలికించి చూశారు. రెండింటిలోను ఊపిరి నిమిషానికి సుమారు ఆరుసార్లకు నెమ్మదించింది, రక్తపోటును సరిదిద్దే శరీర స్పందన మెరుగుపడింది. నిశ్వాస సమయంలో వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండెవేగం కొంత తగ్గుతుంది. నిదానంగా విడిచే ఊపిరి మనసుకు నెమ్మది కలిగించడానికి ఇది ఒక కారణం.

ఆచరణ కష్టమైనది కాదు. మొదట వెల్లకిల పడుకొని పొట్టపై అరచేయి ఉంచి, ఉదరవితానం కదలికను గమనించాలి. ఊపిరిని మార్చకుండా చూడడమే తొలి పాఠం. తరువాత చేతులు ఎత్తేటప్పుడు, వెనుకకు వంగేటప్పుడు ఊపిరి పీల్చాలి. ముందుకు వంగేటప్పుడు, నడుము తిప్పేటప్పుడు విడవాలి. కదలిక ఊపిరికన్నా ముందు మొదలుకారాదు, ఊపిరికన్నా వెనుక ముగియరాదు. ఊపిరి తెగినా, గొంతులో కరకరలాడినా, నోరు తెరవవలసి వచ్చినా, తెలియకుండానే బిగబట్టినా, అది హద్దు దాటిన గుర్తు. అప్పుడు ఒక అడుగు వెనుకకు రావాలి. అయితే లోతుగా పీల్చాలన్న ఆతురతతో వేగంగా, అతిగా ఊపిరి తీయడమూ తప్పే. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు జివ్వుమంటాయి.

ఇంతమందికి లెక్క లేకుండా నేర్పడమెట్లా అని బోధకులు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కొత్తవారికి ఆసనంలోకి వెళ్లే క్రమం చెప్పడానికి లెక్క అవసరమే. కాని ఆసనంలో నిలిచే కాలాన్ని అంకెలతో గాక ఊపిరులతో చెప్పవచ్చు. “పది లెక్కపెట్టేదాకా” అనడానికి బదులు “మీ మూడు ఊపిరులు” అంటే చాలు. ఒకరు ముందు, ఒకరు వెనుక ముగిస్తారు. వరుస అందం కొంత చెడుతుంది. చెడనివ్వండి. మరొక మాట కూడా చెప్పాలి. ఊపిరిని గమనించడం ఔషధానికి బదులు కాదు. ఉబ్బసమున్నవారు మందును, ఇన్‌హేలరును మానరాదు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ఊపిరి బంధించే అభ్యాసాలను వైద్యుని సలహా లేనిదే చేయరాదు.

కనుక కళాశాలల పెద్దలకు మా విన్నపాలు మూడు. యోగ తరగతుల మొదటి వారం ఆసనాలు లేకుండా ఊపిరి గమనింపుకే కేటాయించండి. ఊపిరి తెగినప్పుడు ఆగే హక్కు ప్రతి విద్యార్థికీ ఉన్నదని ముందుగానే ప్రకటించండి. వంగినంత మేరకు గాక, ఊపిరి చెదరకుండా నిలిచినంత మేరకు సాధనను మెచ్చుకోండి. సోదర విద్యార్థులు సైతం రానున్న జూన్ 21న వరుసలో నిలిచినప్పుడు, పక్కవాని నడుము ఎంత వంగిందో చూడడం మాని తమ ఊపిరి ఎట్లా నడుస్తున్నదో చూసుకొందురుగాక. అది సాఫీగా సాగినంతవరకు ముందుకు సాగండి. అది తడబడినచోట సిగ్గుపడక ఆగండి.