బండికి వయసొచ్చిందట!

మా మారుతి 800కి వయసొచ్చిందట. ఆ మాటన్నది మెకానిక్కు. అనేసి, మూడో బిల్లు నా చేతిలో పెట్టాడు.

1996 మోడలు బండి. మాది విశాఖపట్నం. పొద్దున్నే తాళం తిప్పితే 'టక్' మని ఒక చప్పుడు, అంతే, సెల్ఫు తిరగదు. మొదట "బ్యాటరీ పోయిందమ్మా" అన్నాడు. కొత్తది వేయించాం. నెల తిరక్కుండా మళ్ళీ టక్. "ఆల్టర్నేటరు చార్జింగు ఇవ్వట్లేదమ్మా" అన్నాడు. అదీ మార్పించాం. (పాతది ఆయన షాపులోనే ఉండిపోయింది లెండి.) ఆ తరవాత సెల్ఫు మోటారు. అది మార్చిన వారానికే, ఓ రాత్రి మా అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. ఆవిణ్ణి మెల్లిగా నడిపించి కార్లో కూచోబెట్టాక మళ్ళీ అదే టక్! ఆటో దొరికేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లబడుతోంది. దేవుడి దయవల్ల ఆవిడ కోలుకున్నారు. నా ఒళ్ళు మంట మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

వయసట! మనం మోకాలు నొప్పంటే డాక్టరు అనేదీ ఇదే మాట కదూ? వయసని తేల్చేస్తే ఇక వెతికే పని ఉండదు. మూడు సామాన్లు మార్చాడు గదా, ఒక్కసారైనా మీటరు పెట్టి చూశాడా? ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద పధ్నాలుగు వోల్టులకు అటూ ఇటూగా చూపిస్తే చార్జింగు బాగానే ఉన్నట్టు. చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. చూస్తే మరి బిల్లుండదుగా!

"నీకెందుకా గొడవ, అమ్మేద్దాం" అన్నారు మావారు. నాకు పంతం వచ్చింది. నాలుగొందలు పెట్టి మీటరు కొన్నాను.

ఇంట్లో దీపానికి కరెంటు రావడానికో తీగ, పోవడానికో తీగ ఉంటాయి. కార్లో చాలా దీపాలకు వచ్చే తీగ ఒక్కటే. తిరుగుదారి కారు ఒళ్ళే, ఆ ఇనుమే. బ్యాటరీ నుంచి నల్లతీగ వెళ్ళి ఆ ఇనుముకీ, ఇంజనుకీ బిగించి ఉంటుంది. దాన్నే ఎర్తంటారు. ఆ బిగింపు కింద తుప్పు పట్టిందంటే కరెంటుకి తిరుగుదారి సరిగ్గా ఉండదు. అప్పుడు ఎంత కొత్త బ్యాటరీ వేసి ఏం లాభం? బ్రేకు నొక్కితే వెనక ఇండికేటరు మసగ్గా వెలుగుతోందంటే, అక్కడి ఎర్తుని అనుమానించాలి.

బండిని న్యూట్రల్‌లో పెట్టి, హాండుబ్రేకు వేశాను. మీటరు పుల్ల ఒకటి బ్యాటరీ నల్లకొస మీద, రెండోది ఇంజను ఇనుము మీద ఆనించి, మా అబ్బాయిని తాళం తిప్పమన్నాను. తిప్పినప్పుడు అర వోల్టు దాటకూడదు. నాకు రెండున్నర చూపించింది!

వంగి చూస్తే గేరుబాక్సు దగ్గర బోల్టు కింద పచ్చగా చిలుము. మనింట్లో ఇత్తడి చెంబుకి పట్టినట్టే. ముందు బ్యాటరీ నల్లతీగ విప్పాను (అదెప్పుడూ ముందు విప్పి, ఆఖర్న బిగించాలి. ఎర్రది ముందు విప్పుతుంటే స్పానరు ఇనుముకి తగిలిందా, నిప్పురవ్వలే!). బ్యాటరీ కొసల మీది తెల్ల బూజుని నీళ్ళలో కలిపిన వంటసోడాతో కడిగాను. బోల్టు ఉప్పుకాగితంతో రుద్ది బిగించాను. ఉప్పుకాగితం ఖర్చు పది రూపాయలు. తాళం తిప్పగానే బండి కుయ్యోమనకుండా లేచింది.

ఊరుకోబుద్ధి కాక షాపుకెళ్ళి చెప్పాను. "ఓ, ఎర్తే కదమ్మా!" అని నవ్వేశాడు. అంటే తెలుసన్నమాట! ఆ 'కదమ్మా'కి నేను కట్టింది మూడు బిల్లులు. పైగా, "ఈసారి సార్ని పంపండమ్మా, ఆయనకైతే వివరంగా చెబుతాను" అన్నాడు.

మీటరిప్పుడు పోపులపెట్టె పక్కనే ఉంటోంది. ఎదురింటి పిన్నిగారి పాత ఫియట్‌కి బ్యాటరీ మార్చాలన్నారట. డబ్బివ్వకండి, ఆగండన్నాను. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళాలి.