ఊదమనడం అవమానమా?

బస్సు నడిపే సోదరుడొకరు మమ్మల్ని అడిగారు: “మౌలానా సాబ్, పుట్టినప్పటి నుండి మద్యం ముట్టనివాణ్ణి. రోజూ ఉదయం యంత్రంలోకి ఊదితేగాని బండి ఇవ్వడం లేదు. ఇది దురనుమానం కాదా?”

దురనుమానం నిషిద్ధమే. కాని ఒక్కణ్ణి వేలెత్తి చూపి ఊదమనడం వేరు, స్టీరింగు పట్టే ప్రతివారినీ ఊదమనడం వేరు. అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని దివ్యఖుర్‌ఆన్ బఖరా సూరాలో ఆదేశించింది. పత్రం వ్రాయించుకొన్నవాడు ఎదుటివాణ్ణి దొంగ అన్నట్లా? బస్సులోని ప్రాణాలు సొమ్ముకంటె పెద్ద అమానత్.

కొన్ని దేశాలలో ఈ యంత్రాన్ని బండిలోనే అమర్చుతున్నారు. ఊదిన శ్వాసలోని మద్యపు ఆవిరి లోపలి ప్లాటినం పలకను తాకి స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది. మద్యం హెచ్చిన కొద్దీ విద్యుత్తు హెచ్చుతుంది; పరిమితి దాటితే ఇంజను కదలదు. ఫ్రాన్సులో ప్రయాణికుల కోచ్ బస్సులకు 2015 నుండి ఇది తప్పనిసరి. అమెరికాలో ఊదే పని లేకుండా, వేలు ఆనించగానే కాంతితో రక్తంలోని మద్యాన్ని కొలిచే సెన్సార్‌పై పరిశోధన సాగుతున్నది.

కీడుకు దారితీసే మార్గాన్ని ముందే మూసివేయడాన్ని ఫిఖహ్ పండితులు ‘సద్దె జరాయె’ అంటారు. ఈ యంత్రం చేసేది అదే. మన మోటారు వాహనాల చట్టం, 185వ సెక్షను ప్రకారం, తొలిసారి పట్టుబడినవానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే అది బండి రోడ్డెక్కిన తరువాతి మాట. ఆపాటికే ఒక తల్లి బిడ్డను పోగొట్టుకొని ఉండవచ్చు.

ఇంకొక మాట. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే చట్టానికి నేరం. విశ్వాసికి ఆ గీత లేదు, ఒక్క చుక్కా హరామే. యంత్రం ఊరుకొన్నది గనుక ఫరవాలేదనుకొనే యువకులు మన మొహల్లాలలోనూ లేకపోలేదు.

త్రాగిన మిత్రుని బదులు తాము ఊదిపెట్టేవారూ ఉన్నారు. దీనిని స్నేహం అనుకోవద్దు. ఇది అబద్ధసాక్ష్యం, ప్రవక్త (స) మహాపాపాలలో లెక్కించినది. అందుకే బండిలో అమర్చే యంత్రాలు దారిలోనూ మళ్ళీ ఊదమంటాయి.

రోజాలో ఊదవచ్చునా అని కూడా ఆ సోదరుడు అడిగారు. శ్వాస బయటికి పోతుందే తప్ప లోపలికి ఏమీ దిగదు. రోజా భంగం కాదు. మౌత్‌వాష్ వాడిన వెంటనే మాత్రం ఊదవద్దు, కొన్నింటిలో ఆల్కహాలు ఉంటుంది. యంత్రం తప్పు చూపితే గొడవపడక, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ ఊదండి.