విమానానికా? బోరింగుకా?

(మా గ్రామీణ విలేఖరి)

మా ప్రాంతంలోని ఒక చర్చి పెద్దలు ఈ మధ్య చందా పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. వచ్చే వేసవిలో ఆ చర్చి యువజనులు 8 మంది ఆఫ్రికాలోని యుగాండా దేశానికి పది రోజుల సువార్త యాత్రకు వెళుతున్నారట. అక్కడ ఒక పల్లెలో చర్చి గోడలకు రంగులు వేయడం, పిల్లలకు బట్టలు పంచడం, ఒక బోరింగు వేయించడం వారి కార్యక్రమం. మొత్తం ఖర్చు 12 లక్షల రూపాయలని పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంది.

చందా ఇచ్చేవారిలో ఆస్తిపరులు తక్కువ. పొగాకు గ్రేడింగుకు వెళ్లే స్త్రీలు, తాపీ పనివారు, గొర్రెలు కాచుకునేవారు ఎక్కువ. అన్నం వండేముందు గుప్పెడు బియ్యం తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే తల్లులు ఎక్కువ. వారిలో ఒక ముసలమ్మ పెద్దలను అందరిముందూ అడిగింది. "అయ్యా, నా పింఛను డబ్బుల్లోంచి నూరు రూపాయలిచ్చాను. అది ఆ ఊళ్లో బోరింగుకు పోద్దా, ఈళ్ల ఇమానానికి పోద్దా?" అని.

పెద్దలు నవ్వి ఊరుకున్నారు. అయితే ఆ ప్రశ్న నవ్వి తోసివేయదగ్గది కాదు. వారి లెక్క ప్రకారమే 12 లక్షల్లో 9 లక్షలకు పైగా టిక్కెట్లకు, వీసాలకు, ఎల్లో ఫీవర్ టీకాలకు, బసకు, భోజనాలకు పోతున్నది. ఆ పల్లెకు చేరేది 3 లక్షల లోపే. ముసలమ్మ నూరు రూపాయల్లో 75 రూపాయలు విమానానికి, పాతిక రూపాయలు బోరింగుకు అన్నమాట.

ఇది ఏ మతంమీదా విమర్శ కాదు. పొరుగువాడి కష్టానికి చేయి చాచాలనే బుద్ధి ఎవరికి కలిగినా మంచిదే. అయితే ఆ చేయి ఎలా చాచాలన్నది కూడా ఆలోచించవలసిన సంగతే. ఈ విషయంలో మన జిల్లాకు చెప్పుకోదగిన అనుభవం ఉన్నది.

1876 నుంచి 1878 వరకు వచ్చిన పెద్ద కరువును గురించి మన తాతలు వారి తాతల దగ్గర విన్నారు. ఆ రోజుల్లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ దొరగారు ఉండేవారు. ఆకలితో వచ్చినవారికి ఆయన గంజి పోయించి ఊరుకోలేదు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు 3 మైళ్ల మేర పనిని కాంట్రాక్టుకు తీసుకొని, వేలమందికి మట్టిపని ఇచ్చి కూలి ఇప్పించారు. జనం తలెత్తుకొని సంపాదించుకొని తిన్నారు. అంతేకాదు, కూటికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు నిలిపివేశారు. కరువు తీరిన తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అదంతా దొరగారి ఒక్కరి చలవ అనుకుంటే పొరపాటు. అంతకు పది పన్నెండేళ్ల ముందే తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరా కాలినడకన తిరిగి తన వారికి తన మాటల్లో చెప్పాడు. పునాది వేసింది స్థానికుడు. దొరగారు పదిరోజులు ఉండి ఫొటో తీయించుకొని పోయినవారూ కారు. 1866లో ఒంగోలులో స్థిరపడి, ఇక్కడి భాష నేర్చి, దశాబ్దాల తరబడి ఇక్కడే ఉన్నారు.

ఆఫ్రికాకు వెళ్లిన తెలుగువారి సంగతి కూడా ఉన్నది. 1860 నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల నుంచి లక్షన్నర మందికి పైగా కూలీలను ఒప్పందాల మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడల్లో తీసుకుపోయారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పనిచేసిన వారిలో తెలుగువారు చాలామంది. వారికోసం 1903లో తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సంఘం జాన్ రంగయ్యగారిని అక్కడికి పంపింది. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ అనే చోట తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో చనిపోయేదాకా రంగయ్యగారు ఆ పనిలోనే ఉన్నారు. 1914లో అక్కడి తెలుగు సంఘాలన్నీ కలిసి తమ సొంత అసోసియేషన్ పెట్టుకున్నాయి. ఆయన పోయినా పని పోలేదు.

అప్పటికి మనవాళ్లు కూడా బీదవారే. అయినా వారు పంపినది ఎనిమిదిమంది చూడవచ్చినవారిని కాదు, ఉండిపోయే మనిషిని. ఈనాటి పెద్దలు ఈ తేడా గమనించాలి.

ఇక ఆఫ్రికావారు ఏమనుకుంటున్నారన్నది చూద్దాం. అక్కడి చర్చి మన యువజనులు పోయి నిలబెట్టవలసినంత పసిబిడ్డ కాదు. 1900 నాటికి ఆ ఖండం మొత్తంమీద క్రైస్తవులు సుమారు కోటిమంది. ఇప్పుడు 60 కోట్లకు పైనే ఉన్నారు. బానిసగా అమ్ముడుపోయి విడుదలైన శామ్యూల్ క్రౌథర్ అనే నల్లజాతీయుడు 1864లోనే బిషప్పు అయ్యాడు. తన యొరూబా భాషలోకి బైబిలు తెచ్చే పనిలో ముందుండి నడిపాడు. అటువంటివాని చేతిలోని పెత్తనాన్ని, 1890 నాటికి కొత్తగా దిగిన కుర్ర దొరలు లాగేసుకున్నారు. పెద్దవాడు ఆ మనోవేదనతోనే మరుసటేడు పోయాడు. సహాయం చేయవచ్చినవాడు పెద్దరికం చేస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

1971లో కెన్యాకు చెందిన ప్రెస్బిటేరియన్ చర్చి నాయకుడు జాన్ గటూ అమెరికాలో జరిగిన ఒక సభలో లేచి, విదేశీ మిషనరీలందరూ కనీసం 5 ఏళ్లు వెనక్కి వెళ్లాలని, ఇరుపక్షాలూ ఆలోచించుకోవడానికి ఆ వ్యవధి కావాలని చెప్పాడు. 1974లో లుసాకాలో జరిగిన ఆఫ్రికా చర్చీల మహాసభ ఆ మాటను బలపరచింది. ఆయన చర్చి పెట్టుకున్న నినాదం "జితెగెమెయా". స్వాహిలీ భాషలో దానికి నీ కాళ్లమీద నువ్వు నిలబడు అని అర్థం. వారికి సాయం అక్కరలేదని కాదు దీని భావం. తమ ఇంటి వ్యవహారం తమ చేతుల్లో ఉండాలని మాత్రమే.

మన డోర్నకల్‌లో పనిచేసిన అజరయ్యగారు కూడా 1910లో ఎడిన్‌బరో మహాసభలో ఇటువంటి మాటే అన్నారు. మిషనరీలు ఎన్నో త్యాగాలు చేశారు, కాని మాకు స్నేహితులు కావాలి అని అడిగారు. అప్పుడు అడిగినవారం మనం. ఇప్పుడు దొరల స్థానంలోకి మనం వెళ్లి, అడిగేవారి మాట వినకపోతే న్యాయమా?

బోరింగు సంగతి తీసుకుందాం. ఇది మన పల్లెవారికి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. బోరింగు వేయించిన రోజున కొబ్బరికాయ కొట్టేవారు, ప్రార్థన చేసేవారు చాలామంది ఉంటారు. రెండేళ్ల తర్వాత వాషరు అరిగి చేయి కొట్టీ కొట్టీ నీళ్లు రాకపోతే ఎవరూ ఉండరు. 2009లో వేసిన అంచనా ప్రకారం సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో ప్రతి మూడు చేతిపంపుల్లో ఒకటి పనిచేయడం లేదు. పంపు ఇచ్చినవారు పోయారు, విడిభాగాలు దొరకలేదు, బాగుచేసేవాడు లేడు, డబ్బు వసూలుచేసే కమిటీ లేదు. కారణాలు మనకు తెలిసినవే.

మన ఊళ్లలో ఉన్న ఇండియా మార్క్-2 పంపు చాలా గట్టిది. మహారాష్ట్రలోని జాల్నాలో మిషన్‌వారు తయారుచేసిన పంపు నుంచి షోలాపూర్ పంపు వచ్చింది. దాన్నుంచి 1970లలో యూనిసెఫ్ సాయంతో మార్క్-2 వచ్చింది. ఆఫ్రికాలో కూడా చాలాచోట్ల దాన్ని వేశారు. అయితే దాని వాషరు మార్చాలంటే లోపలి పైపులన్నీ పైకి లాగాలి. నలుగురు మనుషులు, ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. అందుకని 1980లలో మలావీ, కెన్యా దేశాల్లో ఆఫ్రిడెవ్ అనే పంపును రూపొందించారు. దానికి పైపులు లాగనక్కరలేదు. పిస్టను ఒక్కటే పైకి తీయవచ్చు. ఒక్క స్పానర్‌తో ఊళ్లోని ఆడవాళ్లే బాగుచేసుకోవచ్చు. తెలివిగల సహాయం అంటే ఇది. ఇచ్చినవాడు వెళ్లిపోయిన తర్వాత కూడా పనిచేసేటట్లు ముందే ఆలోచించి ఇచ్చినది.

మన యువజనులు వేయించబోయే పంపు ఏది? దాని విడిభాగాలు ఏ ఊరి దుకాణంలో దొరుకుతాయి? నేర్చుకునే ఇద్దరు మనుషులు ఎవరు? చందా పుస్తకంలో ఈ సంగతులు లేవు.

గోడలకు రంగుల సంగతి చెప్పనే అక్కరలేదు. మన ఊళ్లో తాపీమేస్త్రీలు, రంగులవాళ్లు పనిలేక అరుగులమీద కూర్చుని ఉండగా, అమెరికా నుంచి కాలేజీ కుర్రాళ్లు వచ్చి మన బడికి వంకర టింకరగా సున్నం కొట్టి, మన చేతే చప్పట్లు కొట్టించుకుంటే మనకెలా ఉంటుంది? యుగాండా పల్లెలో మాత్రం రంగులవాడికి పొట్ట ఉండదా?

బట్టల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పాత బట్టల బేళ్లు తూర్పు ఆఫ్రికా బజార్లలో ఇప్పటికే గుట్టలుగా పడుతున్నాయి. కెన్యాలో వాటిని మితుంబా అంటారు. అక్కడి మిల్లులు, దర్జీలు దెబ్బతింటున్నారని 2016లో తూర్పు ఆఫ్రికా దేశాలు వాటిని క్రమంగా ఆపాలని నిర్ణయించాయి. రువాండా సుంకం పెంచితే, 2018లో అమెరికా ఆ దేశపు బట్టలకు ఇచ్చే సుంకం రాయితీని నిలిపివేసింది. చీరాల మగ్గాల సంగతి ఎరిగిన జిల్లావారికి, ఉచితంగా వచ్చే గుడ్డ నేతగాడి నోటి కూడును ఎలా తీస్తుందో చెప్పవలసిన పని లేదు.

అనాథాశ్రమాలు చూసి పిల్లలను ఎత్తుకొని ఫొటోలు తీయించుకోవడం కూడా ఇటువంటి యాత్రల్లో మామూలైంది. ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికంవల్ల, చదువు ఆశవల్ల అక్కడికి చేరినవారు. సందర్శకులు పెరిగేకొద్దీ ఆశ్రమాలకు పిల్లలు కావలసివస్తారు. కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ నిలిపివేసింది. పదిరోజులు ముద్దుచేసి వెళ్లిపోయే అన్నయ్యలు, అక్కయ్యలు ఏడాదికి పదిమంది మారితే ఆ పసివాడి మనసు ఏమవుతుందో తల్లులు ఆలోచించాలి.

ఇంతమాత్రంచేత యాత్రలన్నీ వృథా అనడం లేదు. కళ్లారా చూడనిదే మనసు కరగదని ఆ చర్చి పాస్టరుగారు నాతో అన్నారు. అది నిజమే. వెళ్లివచ్చిన కుర్రవాడు జీవితమంతా ఆ పనికే అంకితం కావచ్చు. ఒకప్పుడు దొరలు రాకపోతే మనకు ఆసుపత్రులు, బళ్లు ఎక్కడివని మరొక పెద్దమనిషి అన్నారు. అదీ నిజమే. అయితే ఆ ఆసుపత్రుల్లో, ఆ బళ్లలో మనవాళ్లు నర్సులై, డాక్టర్లై, పంతుళ్లై ఆ పనిని చేతికి తీసుకున్నారు కనుకనే అవి నిలిచాయి.

ఆఫ్రికాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉన్నది. 1996లో మొదలైన పాన్ ఆఫ్రికన్ అకాడమీ ఆఫ్ క్రిస్టియన్ సర్జన్స్ అనే సంస్థ, బయటి సర్జన్లు వచ్చి ఆపరేషన్లు చేసి పోవడంతో సరిపెట్టదు. గాబన్ దేశంలోని బొంగోలో ఆసుపత్రితో ప్రారంభించి, మిషన్ ఆసుపత్రుల్లోనే ఆఫ్రికా డాక్టర్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి సర్జన్లుగా తయారుచేస్తున్నది. వెళ్లినవాడు చేసే ఆపరేషన్లు వెళ్లినన్నాళ్లే. నేర్పిన చేయి ముప్పై ఏళ్లు పనిచేస్తుంది.

కనుక మా చర్చి పెద్దలకు నా మనవి ఇది. యాత్ర మానమని చెప్పను. మార్చమని చెబుతాను. ఎనిమిదిమంది బదులు ఇద్దరు వెళ్లండి. ఆ ఇద్దరిలో ఒకరు బోరింగు మెకానిక్కు పని తెలిసినవారు కావాలి. వెళ్లేముందు ఆ పల్లె సంఘపెద్దలకు ఉత్తరం రాసి, మీకు ఏమి కావాలి, మేము రావడం అవసరమా అని అడగండి. వద్దంటే బాధపడకండి. మిగిలిన ఆరుగురి ఖర్చుతో అక్కడి మేస్త్రీకి కూలి, అక్కడి దర్జీకి గుడ్డ, ఇద్దరు యువకులకు పంపు బాగుచేసే శిక్షణ ఇప్పించండి. లెక్క వారి కమిటీ చేతిలో పెట్టండి. అయిదేళ్లపాటు ఏటా ఆ పంపు పనిచేస్తున్నదో లేదో అడిగి తెలుసుకొని, ఆ సంగతి ఇక్కడ చందా ఇచ్చినవారికి ఆదివారంనాడు చదివి వినిపించండి. వీలైతే ఆ పల్లెనుంచి ఒకరిని మన ఊరికి పిలిపించండి. ఇచ్చేవారమే కాక నేర్చుకునేవారం కూడా అవుదాం.

గుప్పెడు బియ్యం అంటే ఆ పూట ఇంట్లో ఒకరు గుప్పెడు తక్కువ తిన్నారన్నమాట. ఆ గుప్పెడు యుగాండా పల్లెలో నీళ్లయి పారితే ఇచ్చిన తల్లికి సంతోషం. మబ్బుల్లో పొగయిపోతే ఆమెకు జవాబు చెప్పుకోవలసినవారు పెద్దలే.

ముసలమ్మ అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉన్నది. చందా పుస్తకం మళ్లీ ఆమె గుమ్మానికి వచ్చేలోగా పెద్దలు జవాబు సిద్ధం చేసుకోవాలి.