పడకగదిలో బ్యాటరీ వద్దు

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పేలి మరణించారు. రెండు చోట్లా రాత్రి బ్యాటరీని ఇంట్లో ఛార్జింగుకు పెట్టి ఇంటివారు నిద్రపోయారు. ఆ వార్తలను మేమింకా మరువలేదు.

స్కూటరు కొనవద్దని మేము చెప్పడం లేదు. పెట్రోలు డబ్బాను మంచం ప్రక్కన పెట్టుకుంటామా? ఇదీ అంతే. లిథియం బ్యాటరీలో ఒక సెల్లు మితిమీరి వేడెక్కితే ఆ వేడి ప్రక్క సెల్లుకు ప్రాకుతుంది. ఆరినట్లు కనిపించిన మంట మళ్ళీ రాజుకోవచ్చు.

కనుక మెలకువగా ఉన్న వేళలోనే, దానితో ఇచ్చిన ఛార్జరుతోనే ఛార్జి చేయండి. గుమ్మానికి, మెట్లకు అడ్డంగా పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని, నీట మునిగిన బ్యాటరీని ముట్టవద్దు, మెకానిక్కును పిలవండి. పొగ వస్తే సామాను వదలండి; పిల్లలతో, పెద్దలతో బయటపడి 101కు ఫోను చేయండి.