ఈత రాకపోయినా ఫర్వాలేదట!

2021 ఫిబ్రవరి 1న చెన్నై నీలాంగరై తీరానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఓ పెళ్లి జరిగింది. పందిరి లేదు, మేళం లేదు. పెళ్లిబట్టలతోనే, వీపున గాలి సిలిండర్లు కట్టుకుని వధూవరులు 60 అడుగుల లోతుకు దిగారు. దండలు అక్కడే మార్చుకున్నారు, తాళీ అక్కడే కట్టాడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరైన వరుడు. మర్నాడు పేపర్లనిండా ఆ ఫొటోలే. ఫొటోల్లో కనపడని సంగతి ఒకటుంది. వరుడికి అప్పటికే డైవింగ్ వచ్చు. వధువు ఈ పెళ్లి కోసం పనిగట్టుకుని నేర్చుకుంది. ఇద్దరూ సిద్ధమయ్యాక కూడా, అలలు నెమ్మదించేదాకా ముహూర్తం ఆగింది.

పెళ్లికి నీళ్లలో దిగినవాళ్లు నేర్చుకుని దిగారు. హనీమూన్‌కు అండమాన్‌లో దిగేవాళ్లే నేర్చుకోకుండా దిగుతున్నారు.

అండమాన్ వెళ్లే దక్షిణాదివాళ్లకు చెన్నై పాత గుమ్మం. హార్బరులో ఓడెక్కితే సుమారు 1,190 కిలోమీటర్లు, రెండున్నర రోజుల ప్రయాణం. మీనంబాక్కంలో విమానమెక్కితే రెండు గంటల పైచిలుకు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకూ ఇదే దగ్గర. అండమాన్‌లో దిగాక భాషకు ఇబ్బంది పడక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది తమ మాతృభాష తెలుగని చెప్పారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలికి వెళ్లిన కుటుంబాలు జంగ్లీఘాట్ లాంటి పేటల్లో తరాలుగా ఉంటున్నాయి.

ఇంత సముద్రం ఇంటిముందే పెట్టుకుని అంత దూరం పోవడమెందుకని అడిగేవాళ్లున్నారు. చెన్నై దగ్గర బంగాళాఖాతం బురద నీళ్ల సముద్రం. నదులు మోసుకొచ్చే మట్టి, తీరాన్ని కొట్టే అల, రెండూ కలిసి నీటిని తేటపడనివ్వవు. నీలాంగరైలోనూ, పుదుచ్చేరిలోనూ డైవింగ్ నేర్పేవాళ్లున్నారు గానీ, ఎదుట ఏముందో కనపడే రోజు కోసం వాళ్లు కాచుకుని ఉండాలి. పగడాలకు వెలుతురు కావాలి, తేట నీరు కావాలి. అవి దొరికేది అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, మన్నారు సింధుశాఖలో. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఫొటోలు బయటికొచ్చాక, అక్కడి అగత్తి దీవికి టికెట్లు ఎంతని అడుగుతూ మోగని ట్రావెల్ ఏజెంటు ఫోను లేదు.

ఏ ప్యాకేజీ చూసినా వరస ఒకటే. పోర్ట్‌బ్లెయిర్‌లో రెండు రాత్రులు (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం), హావ్‌లాక్‌లో రెండు (2018 నుంచి అది స్వరాజ్ ద్వీప్), నీల్ దీవిలో ఒకటి. నడుమ ఓ పూట స్కూబా, ఓ పూట స్నార్కెలింగ్. పక్కనే ఓ అభయహస్తం: ఈత రాకపోయినా ఫర్వాలేదు, మావాళ్లు చూసుకుంటారు. మూడు నాలుగు వేలు కట్టేవాడికి అంతకన్నా తియ్యటి మాట ఏముంటుంది?

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఈత రానివాళ్లను దింపే డైవ్ ఎలా ఉంటుందో చూస్తే తెలుస్తుంది. ఒడ్డున పావుగంట, అరగంట పాఠం. ముక్కుతో కాదు, నోటితో గాలి పీల్చాలి. ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు. చెవులు దిబ్బెళ్లు పడుతుంటే ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. బొటనవేలు పైకి చూపిస్తే ‘బాగుంది’ అని అర్థం కాదు, ‘పైకి పోదాం’ అని. ఇక్కడే చాలామంది తెలుగువాళ్లు దొరికిపోతారు. చేపను చూసిన ఆనందంలో బొటనవేలు ఎత్తుతారు, ఇన్‌స్ట్రక్టరు పైకి తీసుకుపోతాడు.

నీళ్లలోకి దిగాక పర్యాటకుడు చేసే పనంటూ ఏమీ ఉండదు. వెనకనుంచి ఒక చెయ్యి అతని సిలిండరు వాల్వును పట్టుకుని ఉంటుంది. ఎటు తిప్పాలో, ఎంత లోతుకు దింపాలో అన్నీ ఆ చెయ్యే చూసుకుంటుంది. అందరూ ఆక్సిజన్ సిలిండరంటారు గానీ, అందులో ఉండేది మామూలు గాలే, గట్టిగా కూరి పెట్టింది. అంతర్జాతీయ శిక్షణ సంస్థలు ఇలాంటి పరిచయ డైవ్‌కు 12 మీటర్లే గరిష్ఠ లోతని చెబుతాయి. అనుభవమున్న ఇన్‌స్ట్రక్టరు, ఒకరికొకరు చొప్పున, నెమ్మదైన నీళ్లలో తీసుకెళితే ప్రమాదం చాలా తక్కువ. హావ్‌లాక్ డైవర్లలో కరెన్ యువకులు చాలామంది ఉంటారు. 1925లో బర్మా నుంచి మాయాబందరు దగ్గరి వెబీకి వచ్చి స్థిరపడినవాళ్ల మునిమనవలు. సముద్రం వాళ్లకు పెరటి చెరువు.

చిక్కంతా ఆ చెయ్యి లేనప్పుడు.

పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి, పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. బెదిరిపోయి, ఊపిరి బిగపట్టి, ఒక్కసారిగా పైకి ఎగబాకితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నీళ్లంటే భయం లేనివాడు అలా ఎగబాకడు. మాస్కులోకి రెండు చెంచాల నీళ్లు వచ్చినా ఆగి, ఊదేసి, ముందుకు పోతాడు. భయం తీరేది వీపున ఉన్న సిలిండరుతో కాదు, నీళ్లలో తేలగలనన్న నమ్మకంతో.

స్నార్కెలింగ్ సంగతి ఇంకా లోకువ. మాస్కు, నోట్లో గొట్టం, అంతే కదా అంటారు. హావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో ఓ గాలి చక్రం పట్టుకుని నలుగురైదుగురు బోర్లా తేలుతుంటారు, గైడు తాడు పట్టి లాక్కుపోతుంటాడు. గొట్టంలోకి కాసిని ఉప్పునీళ్లు వచ్చాయంటే చక్రం వదిలేసి కాళ్లు కిందికి దించుతారు. ఈత రానివాడు నీళ్లలో మొదట వెతుక్కునేది నిలబడే చోటు. అక్కడ కాలికి తగిలేది ఇసుక కాదు, పగడం.

పగడాన్ని దగ్గరగా చూసినవాళ్లకు ఆ కాలి బరువెంతో తెలుస్తుంది. పైకి రాయిలా ఉన్నా, ఆ రాతి మీద పలచటి తోలులా పరుచుకున్నవి బతికున్న జీవాలు. దుప్పికొమ్ముల్లాంటి పగడం బాగా పెరిగితే ఏడాదికి పది, ఇరవై సెంటీమీటర్లు. బండరాయిలా గుండ్రంగా పెరిగేదైతే ఏడాదికి ఒక సెంటీమీటరు, అంతే. మనిషి నడుమెత్తు బండ పగడం మన ముత్తాతల కాలంలో మొలకెత్తి ఉంటుంది. విరిగిన కొమ్ము మొదట్లో సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. నాలుగు రోజులకు దానిమీద పాకుడు పడుతుంది. గైడు తప్పేమీ లేదు, అతను మనిషిని చూసుకోవాలి. మనిషీ కావాలని తొక్కలేదు. ఈత రాకపోవడమనే ఒక్క లోపం మనిషి ప్రాణాన్నీ పగడాన్నీ ఒకేసారి ప్రమాదంలో పడేస్తోంది.

అసలే ఆ పగడాలు జబ్బుమీద ఉన్నాయి. నీళ్ల వేడి మామూలు వేసవి హెచ్చుకన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే నిలిస్తే చాలు, పగడాలు తమకు రంగునూ తిండినీ ఇచ్చే నాచును బయటికి తోసేసి తెల్లబోతాయి. అండమాన్‌లో 2010లో అదే జరిగింది. లక్షద్వీప్ 1998లో, 2010లో, 2016లో దెబ్బతింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా, ప్రపంచమంతటా పగడాలు తెల్లబడటం ఇది నాలుగోసారని ప్రకటించింది. సముద్రం వేడిని చెన్నై పర్యాటకుడు తగ్గించలేడు. కాలు పెట్టకుండా ఉండటం అతని చేతిలో పనే.

ప్రాణాల మాటకొస్తే, అండమాన్‌లో చెన్నై చుట్టుపక్కలవాళ్లు మరిచిపోలేని రోజు 2014 జనవరి 26. రాస్ దీవి వైపు నుంచి నార్త్ బేకు పోతున్న పర్యాటకుల బోటు మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. కాంచీపురం నుంచి వెళ్లినవాళ్లే అందులో ఎక్కువ. ఎక్కించుకోవలసినదానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకున్నారు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల నడుమ కనపడే దీపస్తంభం ఈ నార్త్ బేదే. ఆ నోటు పట్టుకుని ఫొటో దిగడానికి బయల్దేరిన బోట్లు ఆ దారిన ఎన్ని తిరుగుతాయో లెక్కలేదు.

ఇలాంటిదే ఓ దెబ్బ తిని దారి మార్చుకున్న చోటు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్. 1998 జనవరిలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఓ డైవింగ్ బోటు, అమెరికన్ దంపతులిద్దరిని నీళ్లలోనే వదిలేసి ఒడ్డుకొచ్చేసింది. తలలు లెక్కపెట్టడంలో పొరపాటు. వాళ్లు రాలేదన్న సంగతి బయటపడింది రెండు రోజులకు. వాళ్ల శరీరాలు దొరకనేలేదు. ఇప్పుడక్కడ బోటు కదిలేముందు తలలు లెక్కపెట్టి రాసుకోవాలి. స్నార్కెలింగ్ చేసేవాళ్లను కనిపెట్టి చూడటానికి ఒకరు ప్రత్యేకంగా ఉండాలి. గుండెజబ్బు, వయసు, ఈత రాకపోవడం లాంటివి ఉన్నవాళ్లను ముందే అడిగి తెలుసుకుని, దూరం నుంచే గుర్తుపట్టేలా వేరే రంగు జాకెట్టు లాంటి గుర్తు పెడతారు. వెనక్కి పంపేయడం కాదు ఉద్దేశం. ఎవరి మీద ఓ కన్నేసి ఉంచాలో తెలిసేలా చేస్తారు.

మనకూ జలక్రీడల మార్గదర్శకాలున్నాయి, గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. ఒడ్డున మాత్రం ఆరోగ్య ప్రకటన మీద సంతకం అర నిమిషంలో అయిపోతుంది. ఉబ్బసం ఉందా, బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని ఇంగ్లిషులో ఉన్న ప్రశ్నలకు ‘నో’, ‘నో’ అని గీటు పెట్టేసి, ఫోను భార్య చేతికిచ్చి పోజు పెట్టేవాళ్లే ఎక్కువ. తిరుగు ప్రయాణం సంగతీ అంతే. ఒక్క డైవ్ చేశాక కనీసం 12 గంటలు, పలుమార్లు చేస్తే 18 గంటలు ఆగి విమానమెక్కమంటారు డైవింగ్ వైద్యులు. పొద్దున డైవ్, సాయంత్రం విమానం అని ప్యాకేజీ అల్లేవాడికి ఆ లెక్క తెలియాలి.

ఈత నేర్చుకుని దిగమనడానికి ఒక గట్టి ఎదురుప్రశ్న ఉంది. మనదగ్గర ఈత నేర్చుకునే వీలున్నది ఎందరికి? ముఖ్యంగా ఆడవాళ్లకు? నలభై ఏళ్లొచ్చిన ఓ గృహిణి జీవితంలో మొదటిసారి నీళ్లలోకి దిగి చిలకచేపను చూసిందంటే, అది ఆ ఇన్‌స్ట్రక్టరు చేతి చలవే. ఈత వస్తేనే సముద్రం అంటే ఆవిడ కడదాకా ఒడ్డునే కూర్చోవాలి. నిజమే. అందుకే ఈత రానివాళ్లను ఆపడం న్యాయం కాదు. నేర్పకుండా దింపడం అంతకన్నా న్యాయం కాదు.

మన ఊళ్లలో ఒకప్పుడు ఈత ఎవరూ డబ్బులిచ్చి నేర్చుకోలేదు. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి పిల్లల్ని దిగుడుబావిలోకో పంటకాలవలోకో తోసేవారు. వారం తిరిగేసరికి బుర్రలు ఊడదీసేవారు. ఆ బావులు పూడిపోయాయి. వాటి చోట నగరాల్లో ఈతకొలనులు వచ్చాయి. 1995 దక్షిణాసియా క్రీడల కోసం చెన్నై వేళచ్చేరిలో కట్టిన ఈతకొలను ఇప్పటికీ ఉంది. మెరీనాలో కార్పొరేషన్‌ది ఉంది. గేటెడ్ కమ్యూనిటీల్లో ఫొటోలకు పనికొచ్చే నాలుగడుగుల కొలనులకైతే కొదవే లేదు. మూడు నెలల ముందే విమానం టికెట్లు కొనే కుటుంబానికి, ఆ మూడు నెలల్లో బోర్లా, వెల్లకిలా తేలడం నేర్చుకోవడం అసాధ్యం కాదు. తేలడం చాలు, పోటీల్లో గెలవక్కర్లేదు.

నేర్పేవాళ్లకూ కరువు లేదు. చెన్నైకి దక్షిణాన కోవళంలో మత్స్యకారుడు మూర్తి మేగవాన్ సర్ఫింగ్ నేర్చుకుని, తన పేట పిల్లలకు నేర్పి, బడి నడిపాడు. రిసార్టుల అతిథులకు అలల మీద పాఠం చెప్పేది ఇవాళ ఆ పేట కుర్రాళ్లు. ఇంకా కిందికి, రామేశ్వరం దగ్గర మన్నారు దీవుల చుట్టూ ఆడవాళ్లు తరాలుగా సముద్రపు నాచు ఏరుతున్నారు. సిలిండరు లేదు. కళ్లకు అద్దాలు, వేళ్లకు చుట్టుకున్న గుడ్డ పీలికలు, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఊపిరి బిగపట్టి మునిగి, గుప్పెడు నాచుతో లేస్తారు. 1986లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ 21 దీవుల్లో రెండు, పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి, ఇప్పటికే నీటిపాలయ్యాయి. సున్నానికీ ఫ్యాక్టరీలకూ పగడాలు తవ్వుకుపోయిన ఫలితమది. ఆ ఆడవాళ్లలో ఒకరైన చిన్నపాలం లక్ష్మీ మూర్తికి సముద్ర సంరక్షణకు గాను 2015లో అంతర్జాతీయ సీకాలజీ బహుమతి వచ్చింది. పగడం దగ్గర ఎలా మసలుకోవాలో చెప్పడానికి వీళ్లకన్నా యోగ్యులెవరు? రిసార్టులు వీళ్లను పాఠం చెప్పడానికి పిలిస్తే అటు జీవనోపాధి, ఇటు పర్యాటకుడికి బుద్ధి.

అండమాన్‌లోనే ఒకచోట ఇలాంటి క్రమశిక్షణ ఇప్పటికే నడుస్తోంది. పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి వండూరులో 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు ఉంది. దాని దీవుల్లో పర్యాటకుల్ని పంపేది జాలీబాయ్, రెడ్‌స్కిన్‌లకే. అదీ ఒకటి తెరిచినప్పుడు రెండోదాన్ని మూసి, పగడాలకు ఏడాదిలో సగం రోజులు విశ్రాంతినిస్తారు. బోటెక్కేముందు జెట్టీలో సంచులు తెరిపించి ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు తీయించేస్తారు. డిపాజిట్ కడితే నీళ్లు పట్టుకోవడానికి వేరే సీసా ఇస్తారు. తెలుగు, తమిళ, బెంగాలీ కుటుంబాలన్నీ గొణుక్కుంటూనే వరుసలో నిలబడి ఇచ్చేస్తాయి. అదే బల్ల దగ్గర ‘ఈత వచ్చా?’ అని ఇంకొక్క ప్రశ్న వేసి, రాదన్నవాళ్ల చేతికి నారింజరంగు జాకెట్టు, వచ్చన్నవాళ్లకు నీలం జాకెట్టు ఇవ్వొచ్చు. రాదన్నవాళ్లను ఓ అరగంట మోకాటి లోతు నీళ్లలో, ఇసుక మీద మాస్కుతో ఊపిరి పీల్చడం చేయించి, ఆ తర్వాతే పగడాల వైపు తీసుకెళ్లొచ్చు. బోటు ఓ గంట ఆలస్యంగా కదులుతుంది.