శ్రద్ధ లేదంటారా? ముందు మీ ఓపీ టైమ్ చూసుకోండి

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో, ఆఖరికి మన క్లాసుల్లో కూడా ఒక మాట వింటూనే ఉన్నాం. "ఎస్టీ తల్లిదండ్రులకి అవేర్‌నెస్ ఉండదు. బిడ్డకి నడక రాకపోయినా, మాట రాకపోయినా పట్టించుకోరు." ఈ మాట అబద్ధం. ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మనమే దీనికి తలాడిస్తే ఇంకెవరు అడుగుతారు?

బిడ్డ మెడ నిలపట్లేదని మొదట కనిపెట్టేది తల్లే, నాయనమ్మే. కానీ చూపిద్దామనుకునేసరికి జనవరి వస్తుంది, మిరప కోతలు. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి, కర్నూలు నుంచి ముఠాలు ముఠాలుగా గుంటూరు, పల్నాడు చేలల్లోకి దిగే కాలం. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. ఒక రోజు మానితే కూలి పోతుంది, ఆటో ఖర్చు మీద పడుతుంది, మళ్ళీ మేస్త్రీ పిలవడు. ఫిజియోథెరపీ ఒక్క రోజుతో అయ్యేదా? వారం వారం రమ్మంటారు. ఓపీయేమో మధ్యాహ్నానికి మూసేస్తారు. ఇక్కడ శ్రద్ధ లేనిది ఎవరికి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం మొబైల్ టీమ్ ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని చూడాలి. ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి పంపాలి. మంచి స్కీమే. కానీ టీమ్ వచ్చిన రోజు బిడ్డ ఎక్కడున్నాడు? పేరు తండా రిజిస్టర్లో ఉంది, బిడ్డ ఇంకో జిల్లాలో చేను గట్టున తుమ్మచెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో ఉన్నాడు. రిజిస్టర్లో "ఆబ్సెంట్" అని పడుతుంది. ఆ ఆబ్సెంటే తర్వాత "శ్రద్ధ లేదు" అవుతుంది.

ఎలాగోలా సెంటర్ దాకా పోయినా ఏం చెబుతారు? "రోజూ కాసేపు నేల మీద బోర్లా పడుకోబెట్టి ఆడించండమ్మా." సరైన సలహానే. ఎక్కడ పడుకోబెట్టాలి? కాయలు ఆరబోసిన కల్లంలోనా? ఆ ఘాటుకి పెద్దవాళ్ళకే దగ్గు ఆగదు. "పొద్దుట్నుంచి బిడ్డ ఎక్కడ ఉంటాడు, ఎవరు చూస్తారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే సలహా మారేది. పని చెయ్యలేక ఉయ్యాల ఊపుతూ గట్టున కూర్చునే అమ్మమ్మకి ఆ ఆటలు నేర్పేవాళ్ళు.

భాష సంగతి ఇంకా ఘోరం. తండా బిడ్డ "యాడి" అంటాడు, "పాణి" అంటాడు. తెలుగు బొమ్మల చార్ట్ చూపించి మాటలు రాలేదని రాసేస్తే ఎలా? లేదంటే "మీ భాష వేరు కదా, అందుకే" అని నిజంగా ఆలస్యమున్న బిడ్డని వదిలేస్తారు. తేడా చెప్పగలిగిన తల్లి పక్కనే నిలబడి ఉంటుంది. ఆమెని మాత్రం అడగరు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ అని ఒక చిన్న ఊరుంది. చుట్టూ పల్లెలు, ఇళ్ళు దూరం దూరం. పిల్లల్ని రోజూ సెంటర్‌కి తేవడం కుదరదని 1969లో అక్కడ టీచర్లే వారానికోసారి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులకి నేర్పడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి చాలా దేశాలకి పాకింది. మన దగ్గర కూడా 2023 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన దివ్యాంగ పిల్లల అంగన్‌వాడీ ప్రోటోకాల్‌లో కుటుంబాన్ని బలపరచాలని రాశారు. రాశారు, అంతే.

మన గొడవ అంగన్‌వాడీ అక్కలతో కాదు. జీతాల కోసం 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. వాళ్ళ నెత్తిన ఇంకో రిజిస్టర్ పెట్టి దానికి "భాగస్వామ్యం" అని పేరు పెడితే మేం ఒప్పుకోం. తల్లితో సంతకం పెట్టించుకుని ఫొటో తీసుకోవడం కూడా భాగస్వామ్యం కాదు.

కోతలు మొదలవ్వకముందే, నవంబర్ లోపే టీమ్ తండాలకి, యానాది కాలనీలకి, చెంచు గూడేలకి రావాలి. కోతల్లో అయితే ముఠా దిగిన ఊరికే రావాలి, జనం చేను నుంచి తిరిగొచ్చాక. బిడ్డకి ఒక కార్డు ఉండాలి, ఏ జిల్లాలో చూపించినా మొదట్నుంచి కథ చెప్పక్కర్లేకుండా. తల్లి చెప్పింది అందులో ఆమె మాటల్లోనే రాయాలి. థెరపీకి వచ్చిన రోజు కూలి ఇవ్వాలి. డబ్బులెక్కడివి అంటారా? 2024 జూలై నుంచి దివ్యాంగులకి నెలకి 6,000 రూపాయలు పెన్షన్ ఇస్తున్నారు. మంచిదే, ఒక్క రూపాయి తగ్గించమనట్లేదు. వైకల్యం ముదిరాక ఇవ్వగలిగిన ప్రభుత్వం, ముదరకముందు నాలుగు రోజుల కూలి ఇవ్వలేదా?

మనలో "ఎదిగేకొద్దీ సర్దుకుంటుందిలే" అనే పెద్దవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. గుంటూరు అపార్ట్‌మెంట్లలోనూ ఉన్నారు. వాళ్ళని చూసి కులం మొత్తానికి అవేర్‌నెస్ లేదని ఎవరూ అనరు.

దసరా సెలవులకి ఊరెళ్ళే అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్క పని చెయ్యండి. మీ తండాలో, కాలనీలో ఆరేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళు ఎన్ని కోతలకి పోతాయి, ఏ నెలలో, ఏ ఊరికి పోతాయి రాసుకోండి. పిల్లల పేర్లు, ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు. ఊరు, మండలం, ఇళ్ళ లెక్క చాలు. అన్నీ కలిపి సోమవారం గ్రీవెన్స్‌లో గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం కలెక్టరేట్లు నాలుగింట్లో ఒకే రోజు ఇద్దాం. వచ్చేవాళ్ళు కింద మీ జిల్లా పేరు రాయండి.