ఫోన్‌లోకొచ్చిన అమ్మ

ఉచిత చానల్ వంటల కార్యక్రమంలో మా అమ్మ గోంగూర పచ్చడి చేసిననాడు, సెట్‌టాప్ బాక్సుకి పెన్‌డ్రైవ్ తగిలించి రికార్డు చేశానండీ. అమ్మ పోయాక ఆ ఫైలు చెల్లెలికి పంపిస్తే దాని ఫోన్‌లో తెరుచుకోనేలేదు. ఇద్దరం ఏడ్చినంత పనైంది!

ఫైలు పాడవలేదు. టీవీ ప్రసారాల 'టీఎస్' రూపంలో ఉందంతే. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి, మీడియా మెనూలో 'కన్వర్ట్' నొక్కి, హెచ్.264 ఎంపీ4గా మార్చాం. ఇప్పుడు చెల్లెలు అమ్మని చూస్తూనే పచ్చడి నూరుతోంది.

ఒక్కమాట సుమండీ! పే చానళ్ల రికార్డింగులు చాలావరకు ఆ బాక్సులోనే ఆడతాయి, ఇలా మారవు. కొత్త ఫైలు చివరిదాకా చూశాకే పాతది చెరపండి. రుచి చూడకుండా పచ్చడి జాడీకెత్తం కదా!